ఎనిమిది మంది ఒకేసారి కొట్టుకుంటే ఫైటింగ్ గేమ్ బాగుపడుతుందా?

దసరా వెళ్లాక వచ్చే సిరిమానోత్సవానికి గానీ, సంక్రాంతికి గానీ విజయనగరంలో ఇళ్లు పిల్లలతో నిండిపోతాయి. చీపురుపల్లి నుంచి మేనత్త పిల్లలు, బొబ్బిలి నుంచి పెదనాన్న పిల్లలు, విశాఖ హాస్టల్ నుంచి ఇంజినీరింగ్ చదివే అన్నయ్య. హాల్లో 32 అంగుళాల టీవీ ఒకటి, దాని కింద కన్సోల్ ఒకటి, కంట్రోలర్లు రెండు. ఫైటింగ్ గేమ్ పెట్టారంటే ఆడేది ఇద్దరు, చూసేది ఆరుగురు. కాసేపటికే "నా వంతు ఎప్పుడొస్తాదిరా?" అన్న గోల మొదలవుతుంది.

ఈ గోలను ముందు లెక్క వేసి చూడాలి. గేమ్ షాపుల్లోనూ ఇళ్లలోనూ ఎక్కువగా నడిచే పద్ధతి ఒకటే: ఓడినవాడు లేవాలి, గెలిచినవాడు కూర్చోవాలి. ఎనిమిది మంది ఉన్నారనీ, ఒక్కో ఆటకు 3 నిమిషాలు పడుతుందనీ, అందులో ఒకడు మిగతావాళ్లకంటే బాగా ఆడతాడనీ అనుకుందాం. వాడిక కదలడు. మిగిలిన ఏడుగురిలో ఒక్కొక్కరికి 21 నిమిషాలకోసారి 3 నిమిషాల ఆట దక్కుతుంది. రెండు గంటల్లో 40 ఆటలు జరిగితే ఆట వచ్చినవాడు 40 ఆడతాడు, నేర్చుకోవాల్సినవాడు 5 లేదా 6 ఆడతాడు. సాధన ఎవరికి అక్కర్లేదో వాడికే సాధనంతా దక్కుతోంది. చిన్న పిల్లలు ఫైటింగ్ గేములు మానేసి ఫోన్ పట్టుకుని పోవడానికి ఇది పెద్ద కారణం. ఆట కష్టమై పోయేవాళ్లకంటే వంతు రాక పోయేవాళ్లే ఎక్కువ.

"అందరూ ఒకేసారి ఆడే మోడ్ ఉంటే పోలే?" అన్న ఆలోచన ఇక్కడే పుడుతుంది. నింటెండో 2014లో వీ యూ కన్సోల్ మీద వదిలిన సూపర్ స్మాష్ బ్రదర్స్‌లో ఎనిమిది మంది ఒకే టీవీ మీద తలపడే మోడ్ పెట్టింది. 2018 డిసెంబర్‌లో స్విచ్ మీద వచ్చిన సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్‌లోనూ అది కొనసాగింది. ఉచితంగా దొరికే బ్రాల్‌హల్లా కూడా ఒకే చోట ఎనిమిది మందిని ఆడనిస్తుంది. వంతుల గోల వరకు ఈ మోడ్లు నిజంగానే తీరుస్తాయి. ఫైటింగ్ గేమ్‌గా మాత్రం ఆట మెరుగవుతుందా అంటే, నలుగురు దాటాక మెరుగవదు. ఎందుకో వివరంగా చూద్దాం.

ఇద్దరి ఆటలో ఉన్నదేమిటి

ఫైటింగ్ గేములు సాధారణంగా సెకనుకు 60 ఫ్రేముల మీద, అంటే తెర మీద మారే 60 చిత్రాల మీద నడుస్తాయి. ఒక్కో ఫ్రేము సుమారు 16.7 మిల్లీసెకన్లు. టెక్కెన్‌లో మామూలు వేగపు గుద్దు 10 ఫ్రేముల్లో తగులుతుంది. కంటితో చూసి వేలు కదపడానికి మనిషికి 200 నుంచి 250 మిల్లీసెకన్లు, అంటే 12 నుంచి 15 ఫ్రేములు కావాలి. కాబట్టి ఆ గుద్దును చూసి ఆపడం ఎవరివల్లా కాదు. అది వస్తుందని ముందే పసిగట్టాలి. ఎదుటివాడు కింద పడి లేస్తూ ప్రతిసారీ కాలితో తన్నుతున్నాడని రెండుసార్లు గమనిస్తే మూడోసారి కింద బ్లాక్ పట్టి ఉంచాలి. వాడు అది గమనించి నాలుగోసారి లేచీ లేవగానే పట్టుకుని విసిరేస్తాడు. ఫైటింగ్ గేమ్ రుచి అంతా ఈ పసిగట్టడంలోనే ఉంది. బటన్లు, కాంబోలు (ఆగకుండా వరసగా కొట్టే దెబ్బలు) దానికి పనిముట్లు మాత్రమే.

ఇందుకు ఒక షరతు ఉంది. ఎదుటివాడు చేసే పనికి కారణం నేనే అయి ఉండాలి, నాకు తగిలిన దెబ్బకు కారణం వాడే అయి ఉండాలి. ఇద్దరే ఉన్నప్పుడు ఆ లంకె ఒక్కటే. నలుగురు కలిస్తే జతలు 6 అవుతాయి, ఎనిమిది మంది కలిస్తే 28. తగిలిన దెబ్బ ఎవరిదో, ఎందుకు తగిలిందో తెలియకపోతే దాని నుంచి నేర్చుకునేది ఏమీ ఉండదు. వెనకనుంచి మూడోవాడు కొట్టి చంపితే, ముందున్నవాణ్ణి అంతసేపు చదివిన చదువు వృథా అయినట్టే.

దీన్ని ఆట తయారుచేసినవాళ్లే ఒప్పుకున్నారనడానికి అల్టిమేట్‌లోనే ఆధారం ఉంది. స్టేజీ మీద రాలే ఆయుధాల్లాంటి వస్తువులు ఆపేసి ఇద్దరే ఆడితే, ఆ గేమ్ ప్రతి దెబ్బ తాలూకు నష్టాన్నీ 1.2 రెట్లు చేస్తుంది. గుంపులో దెబ్బలు అన్ని వైపుల నుంచీ పడతాయి కాబట్టి పోరు త్వరగానే తేలుతుంది. ఇద్దరే ఉంటే సాగుతుంది, అందుకే నష్టం పెంచారు. ఒకే గేమ్‌లో ఉన్నా అవి రెండు వేర్వేరు ఆటలని అంకెలతో చెప్పినట్టే. పోటీలు పెట్టేవాళ్లు కూడా వస్తువులు తీసేసి, మూడు లైఫులు ఇచ్చి, ఒకరితో ఒకరినే ఆడిస్తారు.

"నేనెక్కడున్నాన్రా?"

ఎనిమిది మంది మోడ్‌లో టీవీ ముందు ఎక్కువగా వినబడే మాట ఇదే. 32 అంగుళాల టీవీ తెర ఎత్తు 40 సెంటీమీటర్లు, వెడల్పు 71 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. ఇద్దరి ఆటలో బొమ్మ తెర ఎత్తులో మూడో వంతు ఉందనుకుంటే అది 13 సెంటీమీటర్లు. పిడికిలి వెనక్కి లాగడం, మోకాలు వంచడం స్పష్టంగా కనిపిస్తాయి, ఆ కదలికను బట్టే ఏం రాబోతోందో ఊహిస్తాం. ఎనిమిది మందీ స్టేజీ నాలుగు మూలలకూ పోయినప్పుడు కెమెరా వెనక్కి జరిగి, బొమ్మ తెరలో పన్నెండో వంతుకు దిగిపోతే మిగిలేది 3 సెంటీమీటర్లు మాత్రమే. మన ఇళ్లలో ఉండే మామూలు 32 అంగుళాల టీవీల్లో పై నుంచి కిందికి గీతలు 768 దాకానే ఉంటాయి, అందులో పన్నెండో వంతు 64. ఆ 64 గీతల్లో పిడికిలి కదలిక ఎలా కనబడుతుంది? పైగా ఎనిమిది మందిలో నలుగురు కింద చాప మీద, నలుగురు వెనక కుర్చీల్లో. వెనకవాళ్లకు టీవీ రెండున్నర, మూడు మీటర్ల దూరం. కనబడని కదలికను ఎవరూ చదవలేరు. దాంతో అందరూ ఒకే పని చేస్తారు: దూరంగా ఉండి పెద్ద దెబ్బ బటన్ నొక్కుతూ పోతారు.

వీ యూలో ఈ మోడ్‌కు అన్ని స్టేజీలూ ఇవ్వకపోవడం గమనించాల్సిన విషయం. బిగ్ బ్యాటిల్‌ఫీల్డ్ లాంటి వెడల్పు స్టేజీని ఇందుకే చేర్చారు. స్టేజీ పెద్దదైతే గుంపు చెదురుతుంది, చెదిరితే బొమ్మలు చిన్నవవుతాయి. స్టేజీ చిన్నదైతే బొమ్మలు పెద్దగా కనిపిస్తాయి గానీ ఎనిమిది మందీ ఒకే చోట కుప్పపడతారు. ఈ చిక్కుకు ఒకే టీవీ మీద విరుగుడు లేదు. అల్టిమేట్‌లో ఆన్‌లైన్ ఆటకు నలుగురే పరిమితి, ఎనిమిది మంది మోడ్ ఇంట్లో ఒకే చోట ఆడేవాళ్లకే.

ఎప్పుడూ ప్రత్యర్థి వైపే తిరిగి ఉండే ఆటలకైతే ఇంకో కష్టం. స్మాష్ లాంటి ఆటల్లో బొమ్మ ఎటు నడిపిస్తే అటు తిరుగుతుంది. స్ట్రీట్ ఫైటర్ తరహాలో బొమ్మ ఎప్పుడూ ప్రత్యర్థి వైపే చూస్తుంది, వెనక్కి నొక్కితే బ్లాక్ అవుతుంది. నలుగురుంటే ప్రత్యర్థి ఎవరు? వెనక్కి అంటే ఎటు? ఆర్క్ సిస్టమ్ వర్క్స్ వాళ్ల గిల్టీ గేర్ ఇసుకా, 2004లో ప్లేస్టేషన్ 2కు వచ్చింది, నలుగురిని ఒకేసారి దింపి ఈ ప్రశ్నకు ఒక బటన్‌తో జవాబు చెప్పబోయింది. తిరగాలంటే ప్రత్యేకంగా ఓ బటన్ నొక్కాలి. ఫలితం ఏమైందంటే, ఎదుటివాడు తల మీదుగా దూకగానే ఏళ్ల తరబడి వేళ్లకు అలవాటైనదంతా తప్పిపోయింది. వెనక్కి నొక్కితే బ్లాక్ రావాల్సిన చోట బొమ్మ శత్రువుకు వీపు చూపిస్తూ నడిచిపోయేది. ఇద్దరి కోసం కట్టిన ఆటలో జనాన్ని పెంచితే అది కట్టడం పునాదిలోనే తగులుతుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

నలుగురి దాకా ఎందుకు నడుస్తుంది

2012లో కన్సోళ్లకు వచ్చిన టెక్కెన్ ట్యాగ్ టోర్నమెంట్ 2లో నలుగురు ఆడొచ్చు, కానీ తెర మీద కొట్టుకునేది ఇద్దరే. జట్టులో రెండోవాడు బయట ఉండి, ఒంట్లో సత్తువ కొంత తిరిగి తెచ్చుకుంటూ, లోపలివాడు ఎప్పుడు చెయ్యి కలుపుతాడా అని చూస్తుంటాడు. అదే ఏడాది వచ్చిన స్ట్రీట్ ఫైటర్ క్రాస్ టెక్కెన్‌లో జతగా ఆడే పద్ధతీ ఉంది, నలుగురూ ఒకేసారి తెర మీదకు వచ్చే స్క్రాంబుల్ మోడూ ఉంది. ఒకే ఆటలో రెండూ పక్కపక్కన ఉన్నాయి కాబట్టి పోల్చడం తేలిక. జతగా ఆడితే ఎవరి దెబ్బ ఎవరిదో తెలుస్తుంది, స్క్రాంబుల్‌లో మూలకు నెట్టి ఇద్దరు కొట్టడమే పని అవుతుంది.

స్మాష్ తరహాలో ఇద్దరిద్దరి జట్లు నిజంగా మంచి ఆట. ఒక షరతు: జట్టువాడికీ దెబ్బ తగిలే సెట్టింగ్, అంటే టీమ్ అటాక్, ఆన్‌లో ఉండాలి. ఆఫ్‌లో ఉంటే తమ్ముడు మధ్యలో ఉన్నా అన్న కళ్లు మూసుకుని బటన్లు బాదొచ్చు. ఆన్‌లో ఉంటే ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు ఆగాలి అన్న ఆలోచన వస్తుంది. పోటీల్లో డబుల్స్ ఇలాగే ఆడతారు. లైఫులు అయిపోయినవాడు తోడుగా ఆడేవాడి దగ్గర ఒక లైఫ్ తీసుకుని మళ్లీ దిగే వీలు కూడా ఉంది. అవుటై మూల కూర్చోవాల్సిన పని తగ్గుతుంది. దీనికి ఎంత ప్రాముఖ్యం ఇవ్వాలో ఆట తయారుచేసేవాళ్లలో చాలామందికి ఇంకా తెలియలేదు. ఎనిమిది మంది మోడ్‌లో లైఫుల పద్ధతి పెడితే, ముందుగా అవుటయ్యేది దాదాపు ఎప్పుడూ చిన్నవాడే. అయిదు నిమిషాల ఆటలో మొదటి నిమిషానికే లేచిపోతే, అందరినీ ఆడించడానికి పెట్టిన మోడ్‌లోనే వాడు మళ్లీ ప్రేక్షకుడయ్యాడు.

కబడ్డీ దీన్ని ఎప్పుడో సరిచేసింది. కోర్టులో 14 మంది ఉంటారు, అయినా ఏ క్షణంలో చూసినా ప్రశ్న ఒక్కటే: కూతకు వచ్చినవాడు 30 సెకన్లలో తాకి వెళ్తాడా, చిక్కుతాడా? గుంపు ఎంతున్నా చూపు ఒకడి మీదే. అవుటై బయట కూర్చున్నవాడు కూడా, తన జట్టు అవతలివాణ్ణి అవుట్ చేయగానే వరస ప్రకారం తిరిగి లోపలికి వస్తాడు. అందుకే వాడు బయట ఉన్నా గొంతు చించుకుని అరుస్తాడు, వాడి ఆట ఇంకా అయిపోలేదు గనక.

ఫైటింగ్ గేముల్లో ఈ లక్షణం ఉన్న మోడ్లు పాతవే. ఎస్‌ఎన్‌కే వాళ్లు 1994లో తెచ్చిన కింగ్ ఆఫ్ ఫైటర్స్ '94 ముగ్గురేసి జట్లతోనే నడిచింది. ఒకడు పడితే రెండోవాడు దిగుతాడు, గెలిచినవాడికి కొంచెం సత్తువ తిరిగొస్తుంది, మిగతా దెబ్బలతోనే కొత్తవాణ్ణి ఎదుర్కోవాలి. మన ఊళ్లలో వీడియో గేమ్ షాపులను ఏళ్ల తరబడి నిలబెట్టిన టెక్కెన్ 3లో టీమ్ బ్యాటిల్ మోడ్ ఉంది. ఒక్కో వైపు ఎనిమిది బొమ్మల దాకా ఎంచుకోవచ్చు. అంటే రెండే కంట్రోలర్లతో, చేతులు మార్చుకుంటూ, 16 మందిని ఒకే పోరులో కూర్చోబెట్టొచ్చు. దీనికి కొత్త సాంకేతికత ఏదీ అక్కర్లేదు. అయినా ఈ మోడ్‌ను ఒంటరిగా కంప్యూటర్ మీద ఆడేవాళ్లే ఎక్కువ, పిల్లల్ని రెండు జట్లుగా విడదీసి ఆడించేవాళ్లు తక్కువ.

పది మందికి క్రూ బ్యాటిల్

టీమ్ మోడ్ లేని ఆటల్లో ఇదే పనిని చేత్తో నడపొచ్చు, దీన్నే క్రూ బ్యాటిల్ అంటారు. పద్ధతి ఇలా ఉంటుంది. అయిదుగురేసి రెండు జట్లు. ఒక్కొక్కరికి 3 లైఫులు, జట్టుకు మొత్తం 15. మొదటివాళ్ల పేర్లు చీటీ మీద రాసి రెండు జట్లూ ఒకేసారి చూపించాలి. ఆ తర్వాత ఓడిన జట్టే అవతలివాణ్ణి చూసుకుని తన తర్వాతివాణ్ణి పంపుతుంది. ఎవరిని పంపాలన్న చర్చ ఇక్కడ మొదలవుతుంది. వెనక కూర్చున్న నలుగురూ "వాడు గాల్లోకి దూకి దూకి కొడతాడు, దూరం నుంచి కాల్చేవాణ్ణి పంపండ్రా" అని తగవు పడతారు. అలా తగవు పడాలంటే ముందు ఆటను గమనించాలి. ఎనిమిది మంది మోడ్‌లో ఎంతసేపు ఆడినా రాని చదువు ఇలా బయట కూర్చుని వస్తుంది.

గెలిచినవాడికి 2 లైఫులు మిగిలాయనుకోండి. కొత్త ఆట మళ్లీ 3తో మొదలవుతుంది కాబట్టి అతను మొదట్లోనే ఒకసారి స్టేజీ మీంచి కిందికి దూకి ఒక లైఫ్ వదులుకోవాలి (స్మాష్ తరహాలో స్టేజీ దాటి పడితే లైఫ్ పోతుంది), అంతవరకు అవతలివాడు దూరంగా నిలబడాలి. ఈ నియమం ముందే చెప్పకపోతే మొదటి గొడవ ఇక్కడే వస్తుంది. లైఫుల లెక్క పలక మీదో కాగితం మీదో రాయడానికి ఒకరిని కూర్చోబెట్టాలి, రెండో గొడవ లెక్క దగ్గర వస్తుంది. అయిదుగురేసి జట్లయితే ఎక్కువలో ఎక్కువ 9 ఆటలు. ఆటకు నాలుగు నిమిషాలేసుకున్నా 36 నిమిషాల్లో తేలిపోతుంది. అదే పది మందీ అందరితో ఒక్కోసారి ఆడాలంటే 45 ఆటలు కావాలి.

లోపం ఒకటుంది. హాస్టల్ నుంచి వచ్చిన అన్నయ్య లాంటివాడు ఒక్కడే అవతలి అయిదుగురినీ పడగొడితే, సొంత జట్టులో నలుగురికి ఆటే రాదు. దీనికి విరుగుడు: వరసగా రెండు గెలిచినవాడు లేచి, తన మిగిలిన లైఫులను తర్వాతివాడికి ఇవ్వాలి. మిగిలింది ఒక్క లైఫే అయినా సరే, అది వాడి సొంత మూడింటికి కలవదు, ముందు అదే ఆడాలి. అప్పుడు చిన్నవాడికి ఒక లైఫ్ ఎక్కువ అనుభవం దక్కుతుంది.

తీగలు, బ్యాటరీలు

అయినా ఎనిమిది మందినీ ఒకేసారి దింపాలంటే సామాను సంగతి ముందు చూసుకోవాలి. ప్లేస్టేషన్ 4, 5 రెండూ నాలుగు కంట్రోలర్ల దగ్గరే ఆగిపోతాయి. ఎక్స్‌బాక్స్ ఎనిమిది తీసుకుంటుంది. స్విచ్ కూడా ఎనిమిదే, కానీ జాయ్‌కాన్ (స్విచ్‌తో వచ్చే చిన్న కంట్రోలర్) జతను ఒకరే రెండు చేతులతో పట్టుకుంటే అది రెండుగా లెక్క, అలా నలుగురితో సరి. జాయ్‌కాన్లతోనే ఆడాలంటే ఒక్కోటి అడ్డంగా పట్టుకుంటేనే ఎనిమిది మంది పడతారు, ఆ పట్టు పెద్దవాళ్ల చేతులకు ఇరుకు.

కంప్యూటర్ మీద ఇంకో తంటా. విండోస్‌లో కంట్రోలర్లను గుర్తించే ఎక్స్‌ఇన్‌పుట్ పద్ధతి నాలుగింటినే గుర్తిస్తుంది. గేమ్ దాని మీదే ఆధారపడితే అయిదోది తగిలించినా పలకదు. కంట్రోలర్ పాడైందని షాపుకు తీసుకెళ్లేముందు, దాని మీద మోడ్ బటన్ ఉంటే కొన్ని సెకన్లు నొక్కి పట్టి డైరెక్ట్‌ఇన్‌పుట్ అనే పాత పద్ధతికి మార్చి చూడాలి. ఇద్దరిని ఒకే కీబోర్డు మీద కూర్చోబెట్టడం చవకైన దారే గానీ, మామూలు కీబోర్డుల్లో కొన్ని మీటలు మూడు కలిపి నొక్కితే మూడోది అందదు. ఒకడు నడుస్తూ దూకుతుంటే రెండోవాడి గుద్దు పడదు. ఎవరూ మోసం చేయకపోయినా తగవు తప్పదు.

తీగ కంట్రోలర్లన్నీ ఒకే యూఎస్‌బీ హబ్‌కు తగిలిస్తే కరెంటు చాలదు. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపులు. వైబ్రేషన్ మోటార్లు ఒకేసారి తిరిగాయంటే ఒకటో రెండో ఊడిపోయి మళ్లీ కలుస్తాయి, ఆలోగా ఆ బొమ్మ దెబ్బలు తింటూ నిలబడుతుంది. విడిగా అడాప్టర్ ఉన్న హబ్ కొనాలి, లేదంటే వైబ్రేషన్ ఆపేయాలి. తీగలేనివైతే వైఫై రౌటర్ టీవీ పక్కన ఉండకూడదు, మామూలుగా రెండూ 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను వాడుకుంటాయి. బ్లూటూత్‌లో ఒక పరికరం ఒకేసారి ఏడింటితోనే మాట్లాడగలదు కనుక, కంప్యూటర్‌లో ఒక్క డాంగిల్ మీద ఎనిమిదో కంట్రోలర్ కోసం వెతుక్కోవడం దండగ.

టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయడం అన్నిటికంటే ముఖ్యం. బొమ్మను నునుపు చేసే హంగులన్నీ కలిసి 50 నుంచి 100 మిల్లీసెకన్లు ఆలస్యం చేయగలవు, అది 3 నుంచి 6 ఫ్రేములు. ఎండాకాలంలో కరెంటు పోయినప్పుడు కన్సోల్ ఆగిపోయి మళ్లీ మొదలవుతుంటే ఇన్వర్టర్ వెనక మీటను యూపీఎస్ వైపు తిప్పాలి, అప్పుడు మారే వ్యవధి తగ్గుతుంది.

ఏడేళ్లవాడు, ఇరవై ఏళ్లవాడు

ఎనిమిది మంది మోడ్ సరిగ్గా సరిపోయే సందర్భం ఒకటుంది. కంట్రోలర్ మొదటిసారి పట్టుకునే పిల్లలు సగం మంది ఉన్నప్పుడు. ఇద్దరి ఆటలో కొత్తవాడు పదికి పది ఓడతాడు, గుంపులో అప్పుడప్పుడూ గెలుస్తాడు. ఆ గెలుపులో అదృష్టం పాలు ఎక్కువే, అయినా మళ్లీ పట్టుకోవాలన్న కోరిక దాంతోనే పుడుతుంది. ఆ పని బాగా జరగాలంటే లైఫుల పద్ధతి వద్దు. 2 నిమిషాల టైమ్ పద్ధతి పెట్టాలి, పడినవాడు వెంటనే తిరిగి వస్తాడు. ప్రతివాడూ చూడగానే గుర్తుపట్టేలా వేర్వేరు బొమ్మలు తీసుకోవాలి, ఒకే బొమ్మ రంగు మార్చి ముగ్గురు తీసుకుంటే అందరూ పక్కవాడి బొమ్మనే చూస్తూ ఆడతారు. టైమ్ పద్ధతిలో చివరి దెబ్బ కొట్టినవాడికే పాయింటు కాబట్టి, పెద్దవాళ్లు దూరంగా నిలబడి, పిల్లలు కష్టపడి పండించిన దెబ్బలను కోసుకుపోతారు. దానికి అల్టిమేట్‌లో హ్యాండిక్యాప్ ఉంది. అన్నయ్యను 100 శాతం దెబ్బతో మొదలెట్టించాలి. ఆ ఆటలో శాతం పెరిగేకొద్దీ చిన్న దెబ్బకే ఎగిరి పడతారు. అప్పుడు ఏడేళ్లవాడు అచ్చంగా ఒక్కటి తగిలించినా అన్నయ్య స్టేజీ దాటిపోతాడు, అన్నయ్య కూడా బటన్లు బాదడం మాని తప్పించుకోవడం నేర్చుకోవాల్సి వస్తుంది.